సోమయ్య పోయాడని నేనే చెప్పాను

బతికున్న మనిషిని పోయాడని చెప్పిన ఘనత నాది. ఏదో నోరు జారి అన్న మాట కాదది. ఊరంతా చూస్తుండగా, గొంతు సవరించుకుని, కాస్త ఇంగ్లీషు కూడా కలిపి మరీ చెప్పాను. ఆ ఒక్క మాటకి ఒక బడి మూతపడింది, ఒక మందుల డబ్బా మూతపడింది, కొత్తగా పెళ్ళయిన మా కాపురంలోకి చచ్చిపోయిన మనిషొకడు వచ్చి కూర్చున్నాడు. అదెలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడైనా ఆగిపోవాల్సి వస్తే మాత్రం నన్నేమీ అనకండి. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప నాకింకేమీ చేతకాదు.

మాది తిరువూరు. డెబ్బైల మొదట్లో నేను పంతులు ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. నిజం చెప్పాలంటే ఎదురుచూడటమే నా ఉద్యోగం. అలాంటివాడికి విస్సన్నపేటవాళ్ళు పిల్లనిచ్చారు. పిల్ల పేరు కరుణ. నర్సు ట్రైనింగ్ చేసింది. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా ఎదుటివాళ్ళకి నొప్పి తెలియనివ్వదు గానీ, మాటతో మాత్రం నాకు బాగా తెలిసేలా పొడుస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం మా చర్చిలో ఆరాధన ముగిశాక ఒక సేవాసంస్థ తరఫున వచ్చిన పెద్దమనిషి లేచాడు. గోదావరి పక్క కొండల్లో, అడవి మధ్యలో ఒక పల్లె ఉందన్నాడు. అక్కడ చదువు చెప్పేవాళ్ళు లేరు, మందిచ్చేవాళ్ళు లేరు అన్నాడు. ఒక ఏడాది అక్కడుండి సేవ చేసే యువదంపతులు ఈ సంఘంలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. అటు ఆడవాళ్ళ వైపు కూర్చున్న కరుణ చెయ్యి కూడా నేనే ఎత్తినట్టయింది.

ఇంటికి వస్తూ దారిలో కరుణ అడిగింది.

"నన్నో మాట అడగాలని మీకు తోచలేదా?"

"తోచింది. చెయ్యెత్తాక తోచింది."

మా అమ్మకి చెబితే, "అడవిలో ఏం చేస్తావురా?" అంది.

"సేవ చేస్తానమ్మా."

"బావిలోంచి రెండు బిందెలు నీళ్ళు తోడిపెట్టమంటే నడుంనొప్పి అంటావు. అక్కడికి పోయి ఎవరి నడుం విరగ్గొడతావు?"

కన్నతల్లి మాట వినాలి. నేను వినలేదు. సంస్థవాళ్ళు బెజవాడలో కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చారు. కరుణకి అదంతా తెలిసిన విద్యే. నాకు కట్టు కట్టడం, నాడి చూడటం, స్పృహ తప్పినవాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టడం నేర్పారు. అక్కడ నాడి చూసింది తోటి వాలంటీర్లదే. అందరూ బాగా తిని కూర్చున్న కుర్రాళ్ళు, ఒక్కొక్కడి నాడీ డప్పు కొట్టినట్టు కొట్టుకునేది. దాంతో నాకు నాడి చూడటం వచ్చేసిందనే నమ్మకం కుదిరింది.

తిరువూరు నుంచి సత్తుపల్లి, అక్కణ్ణుంచి భద్రాచలం, ఆ తర్వాత లాంచీ, లాంచీ దిగాక కాళ్ళు. పల్లె పేరు చెప్పను. అక్కడివాళ్ళు నన్ను మర్చిపోయి ఉంటే ఇప్పుడు గుర్తుచేయడం ఎందుకు?

మేం వెళ్ళిన కొన్నాళ్ళకే వానలు మొదలయ్యాయి. మా తిరువూరులో వాన అంటే వచ్చి పోయేది. చుట్టంలా పలకరించి, పత్తి చేలని కాస్త తడిపి, తన దారిన తను వెళ్ళిపోతుంది. ఆ కొండల్లో వాన కాపురానికి వస్తుంది. పైన చెట్ల ఆకులు ఒకదానిమీదొకటి కమ్ముకుని, వాన ఆగినా చాలాసేపటి దాకా చెట్లు కురుస్తూనే ఉంటాయి. ఉప్పు కరిగి నీళ్ళయ్యేది. అగ్గిపెట్టె చంకలో పెట్టుకుని పడుకునేవాళ్ళం. నా పెళ్ళి బూట్లలో పుట్టగొడుగులు మొలిచాయి. "కూరకి పనికొస్తాయేమో చూడు" అన్నాను. కరుణ నవ్వలేదు. ఆ వేళకే ఆమె నవ్వడం తగ్గించేసింది.

ఎందుకంటే అక్కడ వాన అంటే ఆకలి కాలం. కొత్త పంట ఇంకా చేతికి రాదు, పాత గింజలు అయిపోతాయి. మా వైపు మామిడిపండు తిని టెంక పారేస్తాం. అక్కడ ఆ టెంకలు ఎండబెట్టి, లోపలి పప్పు దంచి, నానేసి, అంబలి కాచుకుని తాగేవాళ్ళు. దానికి తోడు జ్వరాలు. ఏ గుడిసెలో చూసినా చాప మీద ఒకరు వణుకుతూ కనిపించేవాళ్ళు. పొద్దున్నే కరుణ మాత్రల డబ్బా పట్టుకుని బయలుదేరేది. నేను మా గుడిసె వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేవాణ్ణి. పిల్లలు దిద్దుతూ దిద్దుతూ ఆకలికి అలాగే పలక మీద తల పెట్టి పడుకునేవాళ్ళు. లేపడానికి మనసొప్పేది కాదు. మా ఇద్దరి రోజూ అంతే. ఆమె మాత్రలు, నా పలకలు, ఇద్దరి మధ్యా తడికట్టెల పొగ.

ఇక అసలు సంగతి.

ఒకరోజు వాగు అవతలి పల్లెలో పురుడు కష్టమైందని కబురొస్తే కరుణ వెళ్ళింది. ఆమె అటు దాటిందో లేదో వాగు పొంగింది. ఇవతల నేనొక్కణ్ణే మిగిలాను. మర్నాడు పొద్దున పల్లెపెద్ద వచ్చి వసారా ముందు నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి, ఆకులతో అల్లిన గొడుగు తలమీద పెట్టుకుని వచ్చాడు.

"మేష్టారూ, డాక్టరమ్మ వచ్చిందా?"

"ఇంకా రాలేదు. వాగు తగ్గాలిగా."

"సోమయ్య పలకట్లేదు."

సోమయ్య ఆ పల్లెలో ముసలివాడు. భార్య పోలమ్మ, కొడుకు, కోడలు, మనవలు, అందరూ ఒకే గుడిసెలో ఉండేవాళ్ళు. కొన్నాళ్ళుగా జ్వరంతో కాలిపోతున్నాడు. పల్లెపెద్ద నన్ను రమ్మని కూడా అనలేదు. కబురు చెప్పాడంతే. నేనే లేచాను. కరుణ స్టెతస్కోపు మేకుకి వేలాడుతుంటే తీసి మెడలో వేసుకున్నాను. ఆ వస్తువు మెడలో పడితే చాలు, మనిషి నడక మారిపోతుంది. నమ్మకపోతే మీరూ వేసుకుని చూడండి.

సోమయ్య చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముందురోజు దాకా కాలిన ఒళ్ళు ఇప్పుడు రాయిలా చల్లగా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. వానలో నడిచొచ్చిన నా వేళ్ళు ఎంతగా కొంకర్లు పోయాయంటే, నా నాడే నాకు దొరికి ఉండేది కాదు. ముక్కు దగ్గర అద్దం పెట్టి చూడాలని శిక్షణలో చెప్పింది గుర్తొచ్చి, అద్దం అడిగాను. పోలమ్మ ఒక చిన్న అద్దం తెచ్చిచ్చింది. అది అప్పటికే చెమ్మగా ఉంది. తుడిచాను, మళ్ళీ చెమ్మ పట్టింది. ఆ గుడిసెలో గోడకి కూడా ఊపిరి ఉన్నట్టే లెక్క. ఇక స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని ముసలాయన గుండె మీద ఆనించాను.

నిశ్శబ్దం. స్కూలు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మా తరగతిలో కూడా అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

"ఉన్నాడా మేష్టారూ?" అన్నాడు పల్లెపెద్ద.

నాకు తెలియదు అని చెప్పొచ్చు. చిన్న మాట. పసిపిల్లలకి కూడా వస్తుంది. కానీ గుడిసె నిండా మనుషులు, అందరి కళ్ళూ నా మెడలో గొట్టం మీదే ఉన్నాయి. గొంతు సవరించుకున్నాను.

"ఎక్స్‌పైర్ అయ్యాడు."

"అంటే?"

"పోయాడు."

"బాగా సూశారా?"

"చూశాను."

"కాసేపు ఉండి మళ్ళీ సూస్తారా?"

"ఉండి చూస్తే మారేది కాదుగా పెద్దా."

పోలమ్మ వెంటనే ఏడవలేదు. నా వైపే చూస్తూ, "పొద్దున నీళ్ళడిగాడు. కట్టెలు తెచ్చాక ఇస్తానన్నాను" అంది. ఆ తర్వాత నేలమీద చతికిలబడింది. ఎవరో ఆడవాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. గాజులు పగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ చప్పుడు వినడానికి మాత్రం నా చెవులు బాగానే పనిచేశాయి.

కాల్చడానికి కట్టెలు అంటుకోలేదు. ఎంత పొగపెట్టినా తడికట్టె ఏడుస్తుంది గానీ మండదు. పూడ్చాలన్నారు. గొయ్యి తవ్వుతుంటే నీళ్ళు ఊరుతున్నాయి. కుండలతో తోడి పోస్తున్నారు, మళ్ళీ ఊరుతున్నాయి. సోమయ్యని పక్కనే ఆకుల మీద పడుకోబెట్టారు. నేను తల దగ్గర నిలబడి నాలుగు మంచిమాటలు మొదలుపెట్టాను. మనిషి జీవితం నీటిబుడగ లాంటిదని, ఎప్పుడు పగులుతుందో తెలియదని చెబుతున్నాను. ఆ ఉపన్యాసం ఇంకాస్త చిన్నదైతే, గోతిలో ఊట ఇంకాస్త తక్కువైతే ఏమై ఉండేదో తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

వాన ముఖం మీద పడి పడి సోమయ్యకి తెలివొచ్చింది. ముందు మూలిగాడు. తర్వాత చేత్తో ముఖం తుడుచుకుని, మోచేతి మీద లేచి కూర్చున్నాడు.

గోతి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్క ఉదుటున చెట్లలోకి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. ధైర్యం అనుకునేరు, కాళ్ళు నా మాట వినలేదు. ముసలాయన గోతివైపు చూశాడు, కుండలవైపు చూశాడు, నావైపు చూశాడు.

"ఎవరు పోయారు మేష్టారూ?"

నాకు అబద్ధం ఆడటం రాదు. ఆ పూట అది కూడా వచ్చి ఉంటే బాగుండేది.

"నువ్వే తాతా."

ఒంటికి అంటుకున్న ఆకు ఒకటి పీకి పారేశాడు.

"ఎవరు సెప్పారు?"

"నేనే చెప్పాను."

"మీరు సెప్పారా," అని గౌరవంగా తలూపాడు సోమయ్య. "సదువుకున్నోరు." అని మళ్ళీ ఆకుల మీద వెల్లకిలా పడుకున్నాడు.

అతన్ని లేపి, నా భుజం మీద వేసుకుని పల్లెకి తెచ్చేసరికి నాకూ ప్రాణం పోయినంత పనైంది. అతని గుడిసె ముందు పల్లెపెద్ద అడ్డంగా నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే తిట్లు తిని ఊరుకునేవాణ్ణి.

"లోపలికి తేవద్దు మేష్టారూ."

"బతికే ఉన్నాడు పెద్దా. నాదే పొరపాటు."

"మీ పొరపాటు మీరు దిద్దుకుంటారు. మేం మా పైవాళ్ళకి సెప్పేశాం. ఇంటిముందు నీళ్ళు వారబోసి, మీవాడు వస్తన్నాడు, సోటు సూడండి అని పోయిన పెద్దలందరికీ పేరుపేరునా సెప్పాం. ఇప్పుడు రావట్లేదని ఎవరు సెప్పాలి?"

"నేను చెబుతాను."

"మీ మాట వాళ్ళెందుకు ఇంటారు? వాళ్ళు ఎదురుసూస్తారు. ఈడు ఇంట్లో కనబడితే ఈడి బదులు ఇంకొకరిని తీసుకుపోతారు. ఆ ఇంట్లో పసిపిల్లలున్నారు."

గుడిసెలోంచి పోలమ్మ చూస్తోంది. చేతులు బోసిగా ఉన్నాయి. మొగుడివైపు చూసి, మనవలవైపు చూసి, తడిక దగ్గరికి లాగింది. పెద్ద మనసు లేక కాదు. మీరైనా నేనైనా ఏ మనవణ్ణి పణంగా పెట్టి తడిక తీస్తాం?

అలా సోమయ్య మా గుడిసెకి వచ్చాడు.

వాగు తగ్గాక కరుణ వచ్చింది. వచ్చేసరికి మా ఒక్కగానొక్క మంచం మీద సోమయ్య, కింద చాప మీద నేను. జరిగిందంతా చెప్పాను. ఆమె ముందు ముసలాయనకి మాత్రలిచ్చి, గంజి తాగించి, దుప్పటి కప్పింది. ఆ తర్వాత స్టెతస్కోపు తీసుకుని నా దగ్గరికి వచ్చి చెవుల్లో పెట్టుకుని, నా గుండె మీద ఆనించింది. చాలాసేపు విన్నది.

"ఈ లెక్కన మీరు కూడా పోయారండీ" అంది.

గొట్టాన్ని మంచం కోడుకి కొట్టింది. లోపల్నుంచి ఎర్రమట్టి రాలింది. కందిరీగ ఒకటి అందులో గూడు కట్టుకుని, పిల్లల్ని పెట్టుకుని, మూత కూడా పెట్టుకుని వెళ్ళింది.

"ఇది పనిచేయడం లేదు, ముట్టుకోవద్దు, శుభ్రం చేయాలి అని మీకు చెప్పానా లేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు ఊఁ కొట్టినప్పుడు."

కొత్తగా పెళ్ళయిన మగవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనం కొట్టే ఊఁ కి కూడా ఒక మనిషి ప్రాణం పోవచ్చు.

కరుణ మందులకి సోమయ్య లేచి కూర్చున్నాడు, తర్వాత తిరగడం మొదలుపెట్టాడు. నాకు గండం గడిచిందనిపించింది. మర్నాడు బడికి పిల్లలెవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చచ్చిపోయినవాడు వసారాలో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటుంటే అ ఆలు దిద్దుకోవడానికి ఎవరి పిల్లలు వస్తారు? మాత్రల కోసం కూడా ఎవరూ రాలేదు. కరుణ గుడిసెలకి వెళితే తడికలు దగ్గరికి లాగేవాళ్ళు. చచ్చినోడి కంచం కడిగిన చేత్తో మందు వద్దమ్మా అని ఒకామె మెల్లగా చెప్పింది. జ్వరాలు మాత్రం ఆగలేదు. గుడిసెల్లో వణుకు అలాగే ఉంది. చూసేవాళ్ళు లేరు. కరుణ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వానవైపు చూస్తూ కూర్చునేది. ఆ రోజుల్లో ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నేను బాగుపడేవాణ్ణి.

సోమయ్యకి ఇంటి బెంగ. మాకు తెలియకూడదని రోజూ ఏదో ఒక పని పెట్టుకునేవాడు. బుట్టలల్లేవాడు, పొయ్యి రాజేసేవాడు. తడికట్టెతో మంట చేయడం అతనికి బాగా వచ్చు. పగటిపూట ఒకసారి పోలమ్మ వచ్చేది. మా దడి అవతలే ఆగి, టెంకల అంబలి ముంత కింద పెట్టి, వెనక్కి జరిగి నిలబడేది. ఇతను వెళ్ళి ముంత తీసుకునేవాడు. ఇద్దరూ ముఖాలు పక్కకి తిప్పుకుని మాట్లాడుకునేవాళ్ళు.

"ఉప్పు లేదు ఇందులో."

"సచ్చినోడికి ఉప్పెందుకు?"

"సచ్చినోడికి అంబలెందుకు తెచ్చావు మరి?"

"మిగిలింది, తెచ్చాను."

ఆ కాలంలో ఆ పల్లెలో ఏ ఇంట్లోనూ ఏదీ మిగిలేది కాదు. అది అతనికీ తెలుసు. ముంత ఖాళీ చేసి, బోర్లించి దడి మీద పెట్టేవాడు. ఆమె తీసుకుని వెళ్ళిపోయేది. గాజుల్లేని ఆ చెయ్యి ముంత అందుకోవడం చూడలేక నేను ఆ వేళకి లోపలికి వెళ్ళి పలకలు సర్దేవాణ్ణి. దిద్దేవాళ్ళు లేని పలకల్ని ఎంత బాగా సర్దవచ్చో ఆ వానాకాలమే నాకు తెలిసింది.

ఒకరోజు పోలమ్మ రాలేదు. సోమయ్య దడి దగ్గరే నిలబడ్డాడు. మర్నాడు కూడా రాకపోయేసరికి కరుణ గొడుగు తీసింది. పల్లెపెద్దే దారిలో ఎదురొచ్చి, పోలమ్మకి జ్వరమని చెప్పాడు.

"మందిస్తాను, నన్ను వెళ్ళనివ్వు పెద్దా."

"నేను ఆపట్లేదమ్మా. అదే వద్దంటంది. డాక్టరమ్మ వస్తే ఎనకే ఆడొస్తాడు, ఆడి ఎనకే మా పెద్దలొస్తారు, పిల్లల్ని తీసుకుపోతారు అంటంది."

కరుణ వెళ్ళింది, తడిక తీయలేదు. రెండోసారి వెళ్ళింది, తీయలేదు. తిరిగొచ్చి తడిసిన చీరతోనే కూర్చుంది. అప్పుడు సోమయ్య అల్లుతున్న బుట్ట పక్కన పెట్టి లేచాడు. కరుణ చేతిలో మాత్రలు తీసుకున్నాడు. నేరుగా తన గుడిసె దగ్గరికి నడిచాడు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. తడిక ముందు వానలో చతికిలబడి కూర్చుని, లోపలికి పిలిచాడు.

"ఏమే, మాత్ర తీసుకో."

లోపల్నుంచి సన్నగా గొంతు వచ్చింది. "నువ్వు పో. పిల్లలున్నారు."

"పిల్లల్ని నీ కొడుకు అవతలి గుడిసెకి తీసుకుపోయాడు. నువ్వొక్కదానివే ఉన్నావు. తీసుకో."

"నువ్వొస్తే నేను పోతాను."

"రాకపోయినా పోయేలాగున్నావు. నా సేతి మీద పోరాదూ."

కాసేపటికి తడిక కొంచెం కదిలింది. సోమయ్య లోపలికి వెళ్ళాడు. అతను వెళ్ళాక కరుణ వెళ్ళింది. ఆమె చేయగలిగిందంతా చేసింది. ముఖం చూస్తేనే నాకు తెలిసింది, ఆలస్యమైపోయిందని. మర్నాడు మధ్యాహ్నం దాకా పోలమ్మ ఊపిరి లాగింది. సోమయ్య ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి కళ్ళు తెరిచి అతనివైపు చూసి, "నువ్వు నిజంగా ఉన్నావా?" అని అడిగింది. "ఉన్నాను" అన్నాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

కరుణ నాడి చూసింది. శుభ్రం చేసిన స్టెతస్కోపుతో చాలాసేపు విన్నది. తల అడ్డంగా ఊపింది. పల్లెపెద్ద తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు సోమయ్య నన్ను పిలిచాడు.

"మేష్టారూ, మీరు సూడండి."

"డాక్టరమ్మ చూసింది కదా తాతా."

"డాక్టరమ్మ కాదు. మీరు సూడాలి. మీరు సూసి, పోయిందని సెప్పండి."

నాకు అర్థం కాలేదు. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను పోయానని మీరే సెప్పారు. నేను లేచాను. దానిక్కూడా మీరే సెప్పండి."

నేను కరుణవైపు చూశాను. ఆమె తల దించుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పోలమ్మ చెయ్యి పట్టుకున్నాను. గొంతు సవరించుకోవాల్సిన పని రాలేదు, గొంతే లేదు. అయినా చెప్పాను.

"పోయింది."

సోమయ్య తృప్తిగా తలూపాడు. వెళ్ళి గుడిసె బయట కూర్చున్నాడు. పల్లెపెద్ద కూడా అతని పక్కనే కూర్చున్నాడు. గొయ్యి తవ్వమని ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు వారబోయలేదు. పల్లె అంతా నా మాట అబద్ధం కావాలని ఎదురుచూసింది. ఎవరికంటే ఎక్కువగా నేను ఎదురుచూశాను. మర్నాడు పొద్దు బాగా ఎక్కాక సోమయ్య తనంతట తనే లేచి, పార తీసుకున్నాడు.

ఆ ఏడాదంతటికీ నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

అన్నీ అయ్యాక పల్లెపెద్ద వచ్చి, సోమయ్య ఇక ఇంటికి పోవచ్చని చెప్పాడు. పైవాళ్ళు ఒకరి కోసం చూశారు, ఒకరు వెళ్ళారు, ఇక ఎదురుచూడరని చెప్పాడు. సోమయ్య మాకు దణ్ణం పెట్టి, తన చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి ఒక్కొక్కరే పిల్లలు వసారాలోకి వచ్చారు. గుడిసెల తడికలు కూడా కరుణకి తెరుచుకున్నాయి. మేం ఏడాది పూర్తిచేసే కదిలాం. వచ్చేసేరోజు సోమయ్య లాంచీ దాకా మా పెట్టె మోసుకొచ్చాడు. "డాక్టరమ్మా, మళ్ళీ రండి" అన్నాడు. నావైపు తిరిగి కాస్త తటపటాయించి, "మేష్టారూ, మీరు అ ఆలు బాగా సెప్తారు" అన్నాడు. ఎవరి నోటినుంచీ నాకు అంత సున్నితమైన చీవాట్లు పడలేదు.

తిరువూరు వచ్చేసరికి, నేను అడవిలో పెద్ద వైద్యం చేసొచ్చానని మా అమ్మే ఊరంతా చెప్పి పెట్టింది. ఒక ఎండాకాలం బస్టాండులో ఎ.కొండూరు బస్సు కోసం నిలబడ్డ రైతు ఒకాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. జనం మూగారు. ఎవరో నన్ను చూశారు.

"మేష్టారు ఉన్నారుగా. కాస్త చెయ్యి పట్టుకుని చూడండి సార్."

నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

"మా ఆవిణ్ణి పిలిపించండి."

"ఆవిడొచ్చేదాకా ఎలాగండి? ఉన్నాడో లేదో మీరు చెప్పండి చాలు."

"నేను చెప్పనండి."

ఈలోగా ఎవరో నీళ్ళు చల్లితే ఆ రైతు లేచి కూర్చుని, సోడా కావాలన్నాడు, బస్సు వెళ్ళిపోయిందా అని అడిగాడు, తన తలపాగా ఎవరు తొక్కారని కేకలేశాడు.

"బతికే ఉన్నాడుగా సార్, ఆమాత్రం చెప్పలేకపోయారా?" అన్నాడు పక్కనున్నాయన.

"అదీ నేను చెప్పనండి" అన్నాను.

కాబట్టి చదివేవాళ్ళందరి సాక్షిగా, నిండు మనసుతో, కుడిచెయ్యి పైకెత్తకుండా ప్రమాణం చేస్తున్నాను. ఎత్తితే మళ్ళీ ఏ సేవకి పంపుతారో తెలియదు. ఈ జన్మలో ఇక ఎవరి చెయ్యీ పట్టుకుని ఉన్నాడనీ చెప్పను, పోయాడనీ చెప్పను. నా సంగతి వచ్చినప్పుడు కరుణే చూసి చెప్పాలి. ఆమె విస్సన్నపేట వెళ్ళిన రోజుల్లో మాత్రం నేను పోదలచుకోలేదు. ఇంకొకరి మాట మీద నాకు నమ్మకం లేదు.